శాఖ లేని మంత్రి టెక్లా

టెక్లా హావ్రిలుక్ మంత్రిగా ప్రమాణం చేసి రాజధాని నుంచి తిరిగొచ్చిన రోజున మా బెరెజిన్ వీధుల్లో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. బురదా మంచూ కలిసి మోకాళ్ళ దాకా ఉంది. బస్సు దిగగానే సహకార దుకాణం ముందు నిలబడ్డ మగవాళ్ళందరూ ఆమెను చూసి టోపీలు తీశారు. కెనడా మైదానాల్లో, ఉక్రెయిన్ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు అడవి కొట్టి కట్టుకున్న ఊరు మాది. మాలో ఒకరు మంత్రి కావడం అదే మొదలు. అందులోనూ ఆడమనిషి.

"ఏ శాఖ ఇచ్చారు టెక్లా?" అనడిగాడు దుకాణం మేనేజరు స్టెఫ్కో.

"శాఖేం ఇవ్వలేదు."

"మరి మంత్రివన్నారు?"

"శాఖ లేని మంత్రి. అలాగే అంటారట."

స్టెఫ్కో గడ్డం గోక్కున్నాడు. "అంటే, మంద లేని కాపరి లాగానా?"

అందరూ నవ్వారు. టెక్లా కూడా నవ్వింది. భర్త పేట్రో పెట్టె అందుకుని ట్రక్కులో పెట్టి, "పదండి మంత్రిగారూ, ఆవులు మీకోసం చూస్తున్నాయి" అన్నాడు. దానికీ నవ్వింది. కానీ ట్రక్కు ఊరు దాటేసరికి ఆమె ముఖం ఎర్రబడింది.

టెక్లా రాజకీయాల్లోకి వచ్చింది వంటింట్లోంచి. ఇది మాటవరసకి అంటున్నది కాదు. ఊళ్ళో ఏ పార్టీ మీటింగైనా మా ఊరి హాల్లోనే జరుగుతుంది. హాలు వెనక వంటగదిలో ఆడవాళ్ళు పెరోహీలు చేస్తారు. ఉడికించిన బంగాళదుంప, జున్ను కలిపి పిండిలో పెట్టి మడిచి, ఉడకబెట్టి, పైన వేయించిన ఉల్లిపాయలు, పుల్లటి మీగడ వేసి పెడతారు. ఆ వంటకి పెద్ద టెక్లా. అప్పటికి నలభై దాటింది. ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాయి. ఆ ఏడాది అధికార పార్టీవాళ్ళు మా నియోజకవర్గానికి అభ్యర్థి కోసం మీటింగు పెట్టారు. ఇక్కడ వాళ్ళు ఎప్పుడూ గెలిచింది లేదు. ఓడిపోవడానికి ఎవడు నిలబడతాడు? ఒక్క మగాడూ లేవలేదు. వెనక వరసలోంచి ఎవరో, "టెక్లాని నిలబెట్టండి, తిండైనా బావుంటుంది" అన్నారు. హాలంతా పగలబడి నవ్వింది.

వంటగది కిటికీలోంచి ఆ మాట టెక్లా చెవిన పడింది. పిండి చేతులు ఏప్రానుకు తుడుచుకుని హాల్లోకి వచ్చింది.

"సరే, పెట్టండి" అంది.

అంత తేలిగ్గా అన్నదంటే ఆమెకు ఎప్పటినుంచో ఆ బాధ కడుపులో ఉండబట్టే. నది అవతలి ఇళ్ళకు కరెంటు లేదు. కాన్పు కష్టమైతే డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపే దారిలో పోయిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకామె టెక్లా చెల్లెలు. ఆ వేసవంతా ఆమె పేట్రో ట్రక్కు వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. మగవాళ్ళు కొట్టంలో పనిలో ఉండి పలకకపోతే, పక్కన పీట వేసుకుని ఆవు పాలు పిండుతూ మాట్లాడింది. ఆడవాళ్ళతో మాత్రం ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది. ఓట్లు లెక్కపెట్టాక గెలిచింది. నవ్వినవాళ్ళే భుజాల మీద ఎత్తుకోబోతే, "దించండి, స్టవ్వు మీద కుండ ఉంది" అందిట.

కరెంటు తెచ్చింది. నది అవతల ఒక నర్సు ఉండేలా చిన్న ఆసుపత్రి గది కట్టించింది. రెండోసారి ఇంకా బాగా గెలిచింది. అప్పటికి రాజధాని పత్రికలు, మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి కూడా లేదేమని రాయడం మొదలెట్టాయి. ముఖ్యమంత్రి క్రెయిగ్‌మైల్ వ్యవహారం తెలిసిన మనిషి. ఆడమనిషిని పెట్టాడు, పని పెట్టలేదు.

మంత్రివర్గం సమావేశమయ్యే గదిలో పొడుగాటి బల్ల. ఆమెకిచ్చిన కుర్చీ చివర, తలుపు పక్కన. చలిగాలి అంతా అక్కడే కొట్టేది. ఆమె ఇంటిపేరు పలకడం చేతగాక అందరూ "మిసెస్ హెచ్" అని పిలిచేవాళ్ళు. మొదటి రోజు టీ పళ్ళెం తెచ్చిన అమ్మాయి సరాసరి టెక్లా ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళకి ముందు టీ పోయడం మా వాళ్ళ మర్యాద. టెక్లా లేచి అందరికీ పోసింది. ఆ ఒక్క రోజు చేసిన మర్యాద ఆమె ఉద్యోగమైపోయింది. రోడ్ల మంత్రికి రోడ్లు, పశువుల మంత్రికి పశువులు, టెక్లాకి టీ కుండ. బయటికి పంపితే సంతల్లో రిబ్బన్లు కత్తిరించడానికీ, జామ్ పోటీల్లో రుచి చూడటానికీ పంపేవాళ్ళు. పత్రికలవాళ్ళు ఆమె ఏం మాట్లాడిందో రాసేవాళ్ళు కాదు, ఏ టోపీ పెట్టుకుందో రాసేవాళ్ళు.

ఒకసారి వ్యవసాయ శాఖ ఖాళీ అయింది. టెక్లా వెళ్ళి అడిగింది.

క్రెయిగ్‌మైల్ మెత్తగా నవ్వాడు. "రైతులు ఏమనుకుంటారు మిసెస్ హెచ్?"

"నేను రైతునే కదండీ."

"రైతు కాదు, రైతు భార్య."

ఆ శాఖ పట్నంలో బీమా కంపెనీ నడిపే మనిషికి పోయింది. గోధుమకీ బార్లీకీ తేడా అడిగి తెలుసుకునేవాడు.

ఆ తరవాతి సమావేశంలో టీ పళ్ళెం వచ్చింది. టెక్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీ చల్లారిపోయింది. అన్ని గంటలూ ఆ కుండ అక్కడే ఉంది, ఒక్కడూ లేచి పోసుకోలేదు. ముఖ్యమంత్రి రెండుసార్లు దగ్గాడు. చివరికి న్యాయశాఖ మంత్రి ఫెన్విక్ అన్నాడు, "ఇవాళ టీ లేనట్టుందే."

"ఉంది. పోసుకునే చేతులు మీకూ ఉన్నాయి."

ఆ మాట మర్నాడు అందరి భార్యలకూ తెలిసిపోయింది.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో, డోకియా రాకపోయి ఉంటే. డోకియా టెక్లాకు కుమా. అంటే టెక్లా బిడ్డకు జ్ఞానస్నానపు తల్లి. మాలో అది రక్తసంబంధం కంటే తక్కువ కాదు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే ఓడలో వచ్చారు. పెళ్ళయ్యాక ఇద్దరి పొలాలకూ ఒకే గట్టు. డోకియా మొగుడు ఒనుఫ్రి శీతాకాలాలు కలప కోతకు ఉత్తరాదికి పోయేవాడు. ఆ నెలలన్నీ పశువులూ పొలమూ డోకియావే. వేసవిలో దున్నేటప్పుడు నేలలోంచి పైకి తేలే రాళ్ళను ఏరి బండికెత్తేది కూడా ఆమే. ఆ ఎత్తడంలోనే ఒక కడుపు పోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి డోకియా టెక్లా వంటింట్లో కూర్చుని ఉంది. పక్కన దుప్పటిలో చుట్టిన మూట.

"ఏంటి కుమా, ఈ మూటేంటి?"

"నా సామాను. ఒనుఫ్రి వెళ్ళమన్నాడు. పట్నం నుంచి వేరే ఆవిడొస్తుందంట."

"వెళ్ళమంటే వెళ్ళిపోయావా? ఇల్లు నీది కాదా?"

"కాదంటే కుమా. కాయితాల్లో ఆయన పేరొక్కటే ఉందంట. లాయరుని తీసుకొచ్చి చెప్పించాడు." డోకియా ఏడవలేదు. ఆశ్చర్యపోయినట్టు మాట్లాడుతోంది. "ఆవులు ఆయనవే, కోళ్ళు ఆయనవే. మన గట్టు మీద ఆ రాళ్ళ కుప్ప ఉంది చూడు, నేనెత్తింది, ఇంటెత్తున ఉంటుందీ, అదీ ఆయనదే."

"రాళ్ళు కూడానా?"

"రాళ్ళు కూడా."

టెక్లా ఆమెను కోర్టుకి తీసుకెళ్ళింది. పక్కన కూర్చుంది. జడ్జిగారు మంచివాడిలాగే కనిపించాడు, డోకియాకు మంచినీళ్ళు ఇప్పించాడు. ఆ తరవాత, భార్య ఇంటిపట్టున చేసే పనికి పొలంలో వాటా పుట్టదనీ, ఈవిడ చేసింది పల్లెలో ప్రతి ఇల్లాలూ చేసేదేననీ తీర్పు చెప్పాడు. నెలకింత భరణం అన్నాడు. ఆ భరణంతో పాల కేంద్రం పైన ఒక గది వస్తుంది, తిండికి మళ్ళీ పనిచేసుకోవాలి.

మెట్లు దిగుతూ డోకియా అంది, "జడ్జి సరిగానే అన్నాడు కుమా. అందరం చేసేదే. అందరికీ ఏమీ రాదన్నమాట."

ఆ మాటకి టెక్లాకు ఒళ్ళు మండిపోయింది. తనకంటే ముందు మంత్రివర్గం గదిలో కూర్చున్నవాళ్ళు, ఆ కాయితాలు రాసినవాళ్ళు, ఆ జడ్జి, వీళ్ళంతా తాగే పాలు, తినే రొట్టె... ఎవరు పిండారు, ఎవరు పిసికారు? ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర పేట్రోని అడిగింది.

"మన పొలం ఎవరి పేర ఉంది?"

"నీకు తెలీదా? మా నాన్న నా పేర రాయించాడు."

"నా పేరు కూడా కలిపి రాయిస్తావా?"

పేట్రో చెంచా కింద పెట్టాడు. "ఎందుకు? నేను ఒనుఫ్రి లాంటోణ్ణా?"

"కాదు."

"మరెందుకు?"

"నువ్వు ఒనుఫ్రివి కాకపోవడం నీ మంచితనం. నీ మంచితనం మీద ఎన్నాళ్ళు బతకను నేను?"

పేట్రో జోకులేసే మనిషి. ఆ రోజు ఏమీ దొరకలేదు. లేచి కోటు వేసుకుని పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయాడు. చాలా రోజులు ఆవుల గురించి తప్ప భార్యతో మాట్లాడలేదు. టెక్లా మళ్ళీ అడగలేదు. మంత్రిగారు రాష్ట్రంలో ఆడవాళ్ళందరి పొలాల గురించీ మాట్లాడటానికి బయల్దేరింది, సొంత ఇంట్లో మాత్రం నోరు మూసుకుంది. ఆ సిగ్గు ఆమెకు తెలుసు.

మంత్రివర్గంలో విషయం ఎత్తినప్పుడు వాళ్ళు కోప్పడలేదు. కోప్పడినా బావుండేది. నవ్వారు. "దయచేసి ఇది మా ఆవిడకు తెలియనీయకండి" అన్నాడొకాయన. ఫెన్విక్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇవి ఇంటి గొడవలు మిసెస్ హెచ్. ప్రభుత్వం పడకగదిలోకి దూరకూడదు" అన్నాడు.

"పడకగది సంగతి కాదండీ. నేను పొలం గురించి మాట్లాడుతున్నాను."

ముఖ్యమంత్రి అధ్యయన సంఘం వేశాడు. ముగ్గురు మగవాళ్ళు. టెక్లా లేదు. ఆ సంఘం ఎప్పుడు కలిసిందో ఎవరికీ తెలీదు. ఆమె సొంతంగా ఊరూరా హాళ్ళకి తిరిగింది. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకామె లేచి నిలబడేది. ఒక ముసలమ్మ, "నా మొగుడు మంచోడే, పోయాడు. పొలం నా కొడుక్కి రాశాడు. నేనిప్పుడు కోడల్ని అడిగి టీ తాగుతున్నాను" అంది. హాలు వెనక మగవాళ్ళు చేతులు కట్టుకుని వినేవాళ్ళు. కొందరి ముఖాలు వాలిపోయేవి. కొందరు బూట్లు చప్పుడు చేస్తూ బయటికి పోయేవాళ్ళు.

ఆ చలికాలం ప్రతిపక్షంలో ఒక కుర్ర లాయరు సభలో తీర్మానం పెట్టాడు. కాపురంలో సంపాదించినదాంట్లో భార్యకూ సగం వాటా ఉండాలని. వ్యతిరేకంగా ఓటెయ్యమని అధికార పార్టీ సభ్యులందరికీ ఆజ్ఞ వచ్చింది. టెక్లాకు ఆ కుర్రాడంటే గిట్టదు. పల్లెటూళ్ళంటే వాడికి చులకన. కానీ వాడు రాసింది డోకియా గురించి.

ఓటింగులో అనుకూలురూ వ్యతిరేకులూ విడివిడిగా లేచి నిలబడాలి. తీర్మానానికి అనుకూలురు అన్నప్పుడు ప్రతిపక్షం వరసలు లేచాయి. ఇటువైపు నుంచి టెక్లా లేచింది. పక్కనున్నాయన ఆమె పొరపాటు పడిందనుకుని కోటు పట్టుకు లాగాడు.

"వదలండి, కుట్లు ఊడతాయి" అంది.

తీర్మానం ఓడిపోయింది. క్రెయిగ్‌మైల్ ఆమెను తన గదికి పిలిచి తలుపు వేశాడు. ఎంతో బాధగా ఉందన్నాడు. మంత్రివర్గం ఒక కుటుంబం లాంటిదన్నాడు.

"కుటుంబమే. అందుకే నాకు వాటా లేదు" అంది టెక్లా.

"మీ రాజీనామా కావాలి."

"దేనికి? తీసుకోవడానికి నా దగ్గర శాఖేముందని?"

రాజీనామా ఆమె ఇవ్వలేదు. మంత్రిపదవి నుంచి వాళ్ళే తీసేశారు. పత్రికలు ఆ రోజు మొదటిసారి ఆమె టోపీ సంగతి రాయలేదు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. అభ్యర్థిని ఎన్నుకునే మీటింగు మళ్ళీ మా హాల్లోనే. టెక్లాకు పోటీగా పార్టీ ట్రాక్టర్ల వ్యాపారి మెట్రో కొవాల్చుక్‌ను దింపింది. అతనికి సగం ఊరు బాకీ. ఒనుఫ్రి కొత్త కోటు వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. హాలు నిండా మగవాళ్ళు. టెక్లాకు భయం వెయ్యలేదు. ఎందుకంటే వంటగదిలో ఆడవాళ్ళంతా ఉన్నారు. పెరోహీలు అయిపోగానే స్టవ్వులు ఆర్పి వస్తామని మాటిచ్చారు.

వచ్చారు. ఏప్రాన్లతోనే వచ్చారు. తలుపు దగ్గర పార్టీ కార్యదర్శి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సభ్యత్వ కార్డులు చూపించండమ్మా."

"మా ఇంట్లో ఉంది కార్డు. ఏటా కడుతున్నాం" అంది ముందున్నామె.

"అది కుటుంబ కార్డు. మీ ఆయన పేర ఉంది. ఆయన ఓటు వేసేశాడు."

అందరివీ అంతే. ఏళ్ళ తరబడి పార్టీ కోసం వండిన ఆడవాళ్ళలో ఇద్దరు వితంతువులకు తప్ప ఎవరికీ ఓటు లేదు. డోకియా తన కార్డు సంగతి అడిగితే ఒనుఫ్రి వెనక్కి తిరిగి చూసి నవ్వాడట. టెక్లా వేదిక మీదనుంచి లేచి, ఇది అన్యాయమంది. అధ్యక్షుడు చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాడు, నిబంధనలు నిబంధనలే అన్నాడు. కొవాల్చుక్ గెలిచాడు. గెలిచినవాళ్ళు ఆకలితో బల్లల దగ్గర కూర్చుని భోజనం కోసం చూశారు. వంటగదిలో ఎవరూ లేరు. ఆడవాళ్ళు కుండలు, పెరోహీలు, మీగడ డబ్బాలతో సహా ట్రక్కులెక్కి టెక్లా ఇంటికెళ్ళిపోయారు. ఉల్లిపాయలు మాత్రం హాల్లోనే మాడబెట్టి వెళ్ళారు. ఆ కంపు వారం దాకా పోలేదంటారు.

ఆ రోజు పేట్రో ఎటు ఓటేశాడో టెక్లా అడగలేదు, అతను చెప్పలేదు. కానీ తరవాత ఒక రోజు పాల కేంద్రం దగ్గర నలుగురూ అతన్ని పట్టుకున్నారు. "ఏం పేట్రో, పొలం ఇంకా నీదేనా? మంత్రిగారు లాక్కోలేదా?" అన్నాడు ఒనుఫ్రి. పేట్రో మీగడ డబ్బాలు దించి, ట్రక్కెక్కి, అటునుంచటే పట్నం రిజిస్ట్రారు ఆఫీసుకు పోయాడు. సాయంత్రం ఇంటికొచ్చి కాయితం బల్ల మీద పడేశాడు.

"ఇదిగో. నువ్వడిగావని కాదు. ఆ ఒనుఫ్రి నవ్వాడని."

"ఎందుకైతేనేం" అంది టెక్లా. కాయితం తీసి చదివింది. మళ్ళీ చదివింది. అతని మీద ఇన్నాళ్ళ కోపం సగమే తగ్గింది. మిగతా సగం గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చాలా ఏళ్ళ తరవాత చట్టం వచ్చింది. దేశంలో గాలి మారింది, ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు, ఇక ఆపలేక తెచ్చారు. తెచ్చింది ఎవరో కాదు, ఫెన్విక్. అప్పటికి ఆయనే ముఖ్యమంత్రి. చట్టం మీద సంతకం చేసే సభకు పాత సభ్యులందరినీ పిలిచారు. టెక్లా తెల్లజుట్టు దువ్వుకుని, డోకియాను వెంటబెట్టుకుని బస్సెక్కింది. వెనక వరసలో రెండు కుర్చీలు చూపించారు.

ఫెన్విక్ బాగా మాట్లాడాడు. ఈ నేలను పండించిన మన తల్లులు, అన్నాడు. వాళ్ళ చెమట, అన్నాడు. ఇది తన జీవితకాలపు కల అన్నాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. టెక్లా లేవలేదు.

డోకియాకు చెవులు మందగించాయి, అందుకని గట్టిగా మాట్లాడుతుంది. చప్పట్లు ఆగగానే అడిగింది, "అయితే కుమా, నా ఇల్లు నాకొస్తుందా?"

ముందు వరసల్లో తలలు తిరిగాయి. ఒక అధికారి వంగి వచ్చి, మెత్తటి గొంతుతో, ఈ చట్టం ఇవాళ్టి నుంచీ వర్తిస్తుందమ్మా, పాత తీర్పులను తిరగదోడదు అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"రాదంటున్నాడు."

"మరి నన్నెందుకు తీసుకొచ్చావ్?"

టెక్లా చేతిసంచి డోకియా ఒళ్ళో పెట్టింది. లేచి నిలబడింది. వేదిక మీద ఫెన్విక్ ఆమెను చూసి, గుర్తుపట్టి, "మా పాత సహచరి మిసెస్ హెచ్ కూడా ఇక్కడున్నారు" అని చెయ్యి చాపాడు. అప్పుడు మళ్ళీ చప్పట్లు.

"హావ్రిలుక్" అంది టెక్లా. ఆమె గొంతు హాలు చివరిదాకా వినిపించే గొంతు. "నా పేరు హావ్రిలుక్. ఈవిడ పేరు డోకియా బోయ్‌చుక్. ఈవిడ గురించి నేను చెప్పిన రోజున మీరు అద్దాలు తుడుచుకున్నారు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇద్దరూ నడిచి బయటికి వచ్చేశారు. బస్సుకి ఇంకా టైముంది. ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చున్నారు. టెక్లా తన పళ్ళెంలో ఉన్న, ఆపిల్ పెట్టి కాల్చిన పై ముక్క ముట్టుకోలేదు. "కల అట. వాడి జీవితకాలపు కల" అని అక్కడే నాలుగైదుసార్లు అంది. డోకియా తనది తినేసి, పళ్ళెం పక్కకి జరిపి, కుమా పళ్ళెం వంక చూసింది.

"నువ్వు తిననంటే ఇటివ్వు" అంది. "వాళ్ళమీద కోపంతో ఇదెందుకు పారెయ్యడం."

టెక్లా పళ్ళెం అటు తోసింది. డోకియా తింటున్నంతసేపూ ఆమె కిటికీలోంచి ఆ శాసనసభ మెట్లకేసి చూస్తూనే ఉంది. మెట్ల మీద ఫోటోలు తీస్తున్నారు. ముందు వరసలో అందరూ మగవాళ్ళే.